ఇంజిన్ మీద పైసా పెట్టకముందే కొలత కాగితం అడగండి

సంపాదకులకు నమస్కారం.

పాత కార్ల గురించి మీ పత్రికలో ఈ మధ్య వస్తున్నవన్నీ చదువుతున్నాను. పదిహేనేళ్లు దాటిన బండిని తుక్కుకు ఇచ్చేసి సర్టిఫికెట్ తీసుకుంటే, కొత్తది కొన్నప్పుడు రోడ్డు ట్యాక్సులో రాయితీ వస్తుందని రాస్తున్నారు. సొంత వాహనాలకు ఆ రాయితీ గరిష్ఠంగా 25 శాతం అని కేంద్రం నిబంధన. మంచిదే. అయితే ఆ రాయితీ అక్కరకొచ్చేది కొత్త కారు కొనగలిగినవాళ్లకు కదా. మాలాంటి వాళ్ల చేతిలో పాత బండి, చీటీ పాడితే వచ్చిన 30 వేలు మాత్రమే ఉన్నాయి. ఆ డబ్బుతో ఇంజిన్ బాగుచేయించుకోవచ్చా, చేయించుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలి అన్నది ఎవరూ రాయడం లేదు. నేను ఈ మధ్యే ఆ పని చేయించాను కాబట్టి రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మా బంధువుల్లో సగం మంది పదిహేనేళ్లు దాటితే పోలీసులు బండి లాక్కుంటారని అనుకుంటున్నారు. అది ఢిల్లీ సంగతి. అక్కడ కాలుష్యం వల్ల డీజిల్ బండ్లకు పదేళ్లు, పెట్రోల్ బండ్లకు పదిహేనేళ్లు అని కోర్టుల దాకా వెళ్లిన వ్యవహారం. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి, బండి ఫిట్‌గా ఉండాలి, అంతే. ఫీజు మాత్రం బాగా పెరిగింది. 2021లో మేం రెన్యువల్ చేయించినప్పుడు 600 ఉన్నది 2022 ఏప్రిల్ నుంచి 5 వేలైంది, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10 వేలు చేశారు. పాత బండి ఉంచుకునేవాళ్లు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

మాది 2006 మోడల్ మారుతి 800. మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు, 796 సీసీ, 37 హార్స్‌పవర్. నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. నాన్నకు మోకాళ్లు సహకరించవు, వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే బస్సు ఎక్కించడం కుదరదు. ఆ పనికి, అప్పుడప్పుడు పలమనేరులో ఉన్న అక్క వాళ్లింటికి, ఈ బండే. బాడీకి తుప్పు లేదు, గేర్‌బాక్సు బాగుంది. ఇంజిన్ మాత్రం ఆయిల్ తాగడం మొదలుపెట్టింది.

నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, నల్లపొగ వస్తే పెట్రోల్ ఎక్కువవుతోందని, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ వస్తే ఇంజిన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే పొర, అంటే హెడ్ గ్యాస్కెట్ దగ్గర నీళ్లు లోపలికి పోతున్నాయని అనుమానించాలని బండి ఉన్న అందరికీ కాస్తో కూస్తో తెలుసు. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. పొగ ఎప్పుడు వస్తోందన్నది కూడా చూడాలి. మొగిలి ఘాట్‌లో యాక్సిలరేటర్ వదిలేసి దిగి, కింద మళ్లీ తొక్కగానే గుప్పుమని పొగ వచ్చి ఆగిపోతే అది ఎక్కువగా వాల్వుల చుట్టూ ఆయిల్ ఆపే సీళ్లు, వాల్వులు కదిలే గైడ్ల పని. ఎక్కుతున్నప్పుడు, బరువు మీద ఉన్నప్పుడు పొగ ఆగకుండా వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్ తిరిగే సిలిండర్ లోపలి కన్నం, అంటే బోర్ వైపు చూడాలి. మా బండికి రెండూ ఉన్నాయి.

మొదట చూపించిన షెడ్డు పేరు రాయను. వాళ్లు ఇంజిన్ పై మూత లాంటి హెడ్ దించి, పిస్టన్లు బయటికి లాగి, కొత్త రింగులు వేసి, "ఇంక చూసుకోనక్కర్లేదక్కా" అన్నారు. బోర్ కొలిచారా అని అడిగితే వేలు పెట్టి తడిమి చూపించారు. కొన్ని నెలలు బాగానే తిరిగింది. ఆ తర్వాత పొగ మళ్లీ మొదలైంది, ముందుకంటే ఎక్కువగా. తిరిగి వెళితే ఈసారి ఫుల్ ఇంజిన్ చేయాలి, 55 వేలు అవుతుందన్నారు. అంత లేదంటే, చెన్నైలో పాత సామాన్లు అమ్మే పుదుపేట నుంచి పాత ఇంజిన్ తెప్పించి 25 వేలకు బిగిస్తామన్నారు.

పాత ఇంజిన్ బేరం వినడానికి చౌకగానే ఉంది. ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుంది. ఇంజిన్ మారిస్తే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం లేకుండా ఎవరు ఎక్కిస్తారు? రెన్యువల్‌కు వెళ్లిన రోజు ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు చూస్తాడు. పైగా ఆ ఇంజిన్ లోపల ఏముందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. మన బ్లాక్‌నే, అంటే సిలిండర్లు ఉండే ఇంజిన్ దిమ్మనే, కోయించి బోర్ చేయించుకుంటే నంబరు మారదు. ఈ ఒక్క కారణం చాలు అనిపించింది నాకు.

మా పక్కింటి అన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. విషయం విని, "ముందు కొలవకుండా ఎవడికీ రూపాయి ఇయ్యొద్దు పాపా" అన్నారు. నాకు ఆ మాట కొత్త కాదు. మా ఫ్యాక్టరీలో తోతాపురి గుజ్జు తీపి కొలత 14 బ్రిక్స్ ఉందా లేదా చూడకుండా ఎక్స్‌పోర్టు వాళ్లు ఒక్క డ్రమ్ము కూడా ఎత్తరు. లక్షల రూపాయల కారు ఇంజిన్‌ను మాత్రం మనం వేలితో తడిమితే ఒప్పుకుంటున్నాం.

సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుందో చూపించే కంప్రెషన్ గేజ్ ఆయనే తెచ్చారు. ఇంజిన్ వేడెక్కాక, ప్లగ్గులు మూడూ తీసేసి, పెట్రోల్ రాకుండా, కరెంటు రాకుండా వైర్లు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. ఒకటో సిలిండర్ 105, రెండోది 128, మూడోది 98 పీఎస్‌ఐ చూపించాయి. తర్వాత ప్లగ్గు కన్నంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టించారు. ఒకటీ మూడూ 140 దాకా లేచాయి. ఆయిల్ పోస్తే కంప్రెషన్ లేచిందంటే గాలి రింగుల పక్క నుంచి కారిపోతోందని అర్థం, ఆయిల్ కాసేపు ఆ సందు మూసింది. లేవకపోయి ఉంటే వాల్వుల దగ్గర కారుతోందని అనుకోవాలి. ఇంజిన్ విప్పకుండానే ఇంత తెలిసింది. బయట ఈ పరీక్షకు రెండు మూడు వందలు తీసుకుంటారు. మొదటి షెడ్డులో ఇది ఎందుకు చేయలేదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. గేజ్ గోడకు తగిలించే ఉంది, నేనే చూశాను.

ఇంజిన్ దించి విప్పినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపే థర్మోస్టాట్ లేదు. ఎవరో ఎప్పుడో పీకేసి, మూత బిగించేశారు. మన వైపు ఇది అలవాటు. ఎండాకాలం బండి వేడెక్కిందంటే మొదట పీకేది దాన్నే, "అది లేకపోతే ఇంజిన్ కూల్‌గా ఉంటుంది" అంటారు. ఇంజిన్ కూల్‌గా ఉండటం మంచిది కాదని నాకు అప్పుడే తెలిసింది. ఇంజిన్ తగినంత వేడికి రాకపోతే, పెట్రోల్ ఎంత పంపాలో చూసే కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చలిలోనే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పంపుతుంది. ఆ పెట్రోల్ సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, కింద ఆయిల్‌లో కలిసి దాన్ని పల్చన చేస్తుంది. బోర్ అరుగుతుంది. అసలు వేడెక్కడానికి కారణం రేడియేటర్‌లో పేరుకున్న సున్నం. మా వీధి బోరు నీళ్లు ఏ పాత్రలో కాచినా అడుగున తెల్లగా పొర కట్టేస్తుంది. ఆ నీళ్లే ఏళ్ల తరబడి రేడియేటర్‌లో పోశారు. రేడియేటర్ శుభ్రం చేయించి, కూలెంట్ పోసి, కొన్ని వందల రూపాయల థర్మోస్టాట్ బిగించకుండా ఇంజిన్ ఎంత బాగా చేయించినా రెండేళ్లలో మళ్లీ మొదటికే వస్తుంది. రోగం ఎందుకొచ్చిందో చూడని 55 వేల కొటేషన్ వృథా అని నేను అనేది ఇందుకే.

బ్లాక్, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు), హెడ్ మూడింటినీ ఇంకో బండిలో వేసుకుని తిరుపతిలో ఇంజిన్ భాగాలు కొలిచి కోసే ఒక లేత్ షాపుకు తీసుకెళ్లాం. చిత్తూరులోనూ లేత్‌లు ఉన్నాయి. అన్నకు ఆ షాపు పెద్దాయన చేతి మీద నమ్మకం. ఆయన వయసు డెబ్బై దాటింది, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు. కొలతకు విడిగా 600 తీసుకున్నారు. బోర్ గేజ్ దించి, ఒక్కో సిలిండర్‌ను పైన, నడుమ, కింద, మళ్లీ అడ్డంగా నిలువుగా కొలిచి, ఒక రూళ్ల కాగితం మీద పెన్సిల్‌తో రాశారు. ఈ ఇంజిన్ బోర్ కొత్తలో 68.50 మిల్లీమీటర్లు. మా మూడో సిలిండర్ పైన 68.70, కింద 68.54 ఉంది. అంటే పైన వెడల్పు, కింద సన్నం. అడ్డానికీ నిలువుకూ కూడా తేడా ఉంది, గుండ్రం పోయి కోలగా అయింది.

కొత్త రింగులు వేసినా పొగ ఎందుకు వచ్చిందో ఆ కాగితం చూశాక అర్థమైంది. రింగు గుండ్రంగా ఉంటుంది, అరిగిన బోర్ గుండ్రంగా ఉండదు. పిస్టన్ కింది నుంచి పైకి వెళ్లేకొద్దీ రింగు విచ్చుకోవాలి, దిగేటప్పుడు ముడుచుకోవాలి, నిమిషానికి కొన్ని వేల సార్లు. పైగా పాత రింగు తిరిగిన చోటు అరిగి, దాని పైన అరగని అంచు ఒకటి మెట్టులా మిగిలిపోతుంది. కొత్త రింగు అంచు పదునుగా ఉంటుంది, వెళ్లి ఆ మెట్టుకు కొట్టుకుంటుంది. మా ఒకటో సిలిండర్‌లో పై రింగు విరిగి బయటపడింది. రింగుల సెట్టు, గ్యాస్కెట్, లేబర్ అన్నీ కలిపి ఆ షెడ్డులో మేం పెట్టిన 9 వేలు అలా పోయాయి. 600 పెట్టి కొలిపించి ఉంటే ఆ పని చేయొద్దని కాగితమే చెప్పేది.

అసలు కంటే కాస్త పెద్దవైన ఓవర్‌సైజు పిస్టన్లు 0.25, 0.50 మిల్లీమీటర్లు ఎక్కువ అని రెండు సైజుల్లో దొరుకుతాయి. నేను చదువుకున్న లెక్క ప్రకారం 68.70 దాకా అరిగింది కాబట్టి 68.75 చాలు కదా అన్నాను. పెద్దాయన నవ్వి, "అరుగుడు ఒక పక్కే ఉందమ్మా, మధ్య నుంచి కోస్తే ఆ పక్క మచ్చ మిగిలిపోతుంది" అన్నారు. 0.50కే వెళ్లాం. బోర్ 69.00 అయింది. ఇంటికొచ్చాక కుతూహలం కొద్దీ లెక్క వేశాను, 72 మిల్లీమీటర్ల స్ట్రోకుతో (పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం) 796 సీసీ కాస్తా దాదాపు 808 అయింది. పికప్ పెరుగుతుందా అని నాన్న అడిగారు. వందకు ఒకటిన్నర వంతు, తెలియను కూడా తెలియదు. స్ట్రీట్ బండికి బోర్ పెంచి పవర్ తెప్పిస్తామని చెప్పేవాళ్లను కుర్రాళ్లు నమ్మకండి. ఇదే చివరి ఓవర్‌సైజు. మళ్లీ అరిగితే స్లీవ్ అనే కొత్త గొట్టం లోపల దించాల్సిందే.

పిస్టన్లు ముందు కొని తెచ్చి ఇమ్మన్నారు ఆయన. పెట్టె మీద రాసిన సైజును నమ్మరు. మూడు పిస్టన్లనూ మైక్రోమీటర్‌తో కొలిచి, ఏ పిస్టన్ ఏ సిలిండర్‌లోకో నంబరు వేసి, దానికి తగ్గట్టు ఒక్కో బోర్‌ను కోశారు. పిస్టన్‌కు గోడకు మధ్య సుమారు 0.04 మిల్లీమీటర్ల సందు. ముందే బోర్ చేసేసి తర్వాత పిస్టన్లు తెచ్చుకోండి అనే షాపు దగ్గరికి వెళ్లకపోవడం మంచిది. చివర్లో రాయితో లోపలి గోడ రుద్ది, అంటే హోనింగ్ చేసి, లైటు వేసి లోపల చూపించారు. గోడంతా ఏటవాలుగా ఒకదానినొకటి కోసుకునే సన్నని గీతలు. నున్నగా మెరుస్తుంటే మంచిదనుకునేదాన్ని. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుందట, రింగులు వాటి మీదే అరిగి కూర్చుంటాయట.

ఇక కొలత డబ్బు ఆదా చేసిన చోటు. 55 వేల కొటేషన్‌లో క్రాంక్ గ్రైండింగ్ (ఇరుసును అరగదీసి సన్నం చేయడం), దానికి తగ్గ అండర్‌సైజు బేరింగులు ఉన్నాయి. మైక్రోమీటర్ పెడితే బేరింగుల్లో తిరిగే మా క్రాంక్ జర్నల్స్ అన్నీ హద్దులోనే ఉన్నాయి. 500కు పాలిష్ చేసి, స్టాండర్డ్ బేరింగులే వేశారు. గ్రైండింగ్ చేసి ఉంటే డబ్బు పోవడమే కాదు, బాగున్న క్రాంక్‌ను ఒక సైజు పోగొట్టుకునేవాళ్లం. బిగించేటప్పుడు బేరింగు మీద సన్నని ప్లాస్టిక్ దారం ముక్క పెట్టి, క్యాప్ టైట్ చేసి విప్పి, దారం ఎంత వెడల్పు అణిగిందో చూసి సందు సరిపోయిందని అన్న తేల్చారు. ఆ దారం ప్యాకెట్ కొనడానికి మాత్రం చిత్తూరంతా తిరిగాను. ఏ షాపులో అడిగినా చీర ఫాల్స్ కుట్టే దారం అడిగినట్టు చూశారు.

హెడ్ అల్యూమినియం, బ్లాక్ ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కంటే రెట్టింపు సాగుతుంది, అందుకే ఒకసారి బాగా వేడెక్కిన బండిలో హెడ్ వంగుతుంది. స్టీలు స్కేలు ఆనించి, సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే తెలుస్తుంది. మాది కొంచెం వంగింది, ఫేసింగ్ చేసి చదును చేశారు. గైడ్లు, సీళ్లు మార్చి, వాల్వులు కూర్చునే సీట్లు కోయించాం.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతాను. పిస్టన్లు, రింగులు 4,200. బేరింగులు 1,300, గ్యాస్కెట్ సెట్టు 1,400. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిపి 2,300. ఆయిల్ పంపు 1,600. హెడ్ పనికి 3 వేలు, బోరింగ్, హోనింగ్ 2,100, క్రాంక్ పాలిష్ 500. ఇంజిన్ దించి, బిగించిన మెకానిక్‌కు 8,500. ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ 1,800, గొట్టాలు, మౌంటింగులు 1,300. ఇవి 28 వేలు. కొలతకు 600, రేడియేటర్‌కు 700. మొత్తం 29,300. ఇందులో కొలత పడింది వందకు రెండు రూపాయలు. అన్న కూలి తీసుకోలేదు, ఆ మాట దాస్తే తప్పవుతుంది. ఆయన లాంటి మనిషి పక్కన లేకపోతే ఇంకో రెండు మూడు వేలు వేసుకోండి.

ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో నా అభిప్రాయం కూడా రాస్తాను. వాల్వు కవర్‌కు రంగు, సిలికాన్ గొట్టాలు, ఖరీదైన సింథటిక్ ఆయిల్, ఇవేవీ వద్దు. ఆల్టర్నేటర్, స్టార్టర్ పనిచేస్తుంటే ముట్టుకోవద్దు. పిస్టన్లు, రింగులు, బేరింగులు, ఆయిల్ పంపు మాత్రం బిల్లుతో, పేరున్న కంపెనీవే కొనాలి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామన్నవాళ్లు ఉన్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి ఆ ఆశ కూడా ఇప్పుడు అంత లాభసాటి కాదు. నకిలీ రింగులు పెట్టెలో అసలువాటిలాగే ఉంటాయి. తేడా తెలిసేది ఇంజిన్ మళ్లీ విప్పాకే.

పెట్రోల్ గొట్టాలు ఎందుకు మార్చానంటే, ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. మా బండి పుట్టినప్పుడు అది లేదు. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి తట్టుకోవు, గట్టిపడి పగుళ్లిస్తాయి. పాత కార్లకు మైలేజీ కూడా ఆరేడు శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. ఇంజిన్ చేయించాక మైలేజీ కొత్తదానిలా రాలేదని మెకానిక్‌తో గొడవపడేముందు ఇది గుర్తుంచుకోవాలి.

బ్లాక్ కడగడం గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే. లేత్ నుంచి వచ్చిన బ్లాక్‌ను మన షెడ్లలో డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడిగి బిగించేస్తారు. హోనింగ్ రాయి పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, డీజిల్‌కు అది పూర్తిగా రాదు. వేడి నీళ్లు, సబ్బు పొడి, బ్రష్షు కావాలి. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకు నలుపు అంటకూడదు. వెంటనే ఆరబెట్టి ఆయిల్ పూయాలి, లేకపోతే కళ్ల ముందే తుప్పు ఎక్కుతుంది. మా పెరట్లో బట్టలుతికే బండ మీద, నీళ్లు కాచి నేనే కడిగాను. ఎదురింటావిడ మిద్దె మీద నుంచి చూసి, "ఏందే, ఇంజిన్‌కు తలంటు పోస్తుండావా?" అంది. అమ్మ అయితే ఆ బ్రష్షు మళ్లీ ఇంట్లోకి రానివ్వలేదు.

బండి తయారయ్యాక మొదట కాణిపాకం వెళ్లి పూజ చేయించాలని అమ్మ, తిరుమల ఘాట్ ఎక్కిస్తే బండి సత్తా తెలుస్తుందని తమ్ముడు. అమ్మ మాటే నెగ్గింది, ఇంజిన్‌కు కూడా అదే మంచిదైంది. కొత్తగా చేసిన ఇంజిన్‌ను గంటల తరబడి ఐడిల్‌లో ఉంచకూడదు, ఒక్కసారిగా పూర్తి బరువు మీద తోలకూడదు. మధ్యస్తంగా తొక్కుతూ, వదులుతూ, స్పీడు మారుస్తూ పోవాలి. మంట ఒత్తిడి రింగు వెనక చేరి దాన్ని గోడకు నొక్కితేనే అది కూర్చుంటుంది. చిత్తూరు, కాణిపాకం మధ్య రోడ్డు దానికి సరిగ్గా సరిపోతుంది. 500 కిలోమీటర్లకే ఆయిల్ మార్చాం. అయస్కాంతం పెట్టి చూస్తే సన్నటి ఇనుప పొడి వచ్చింది, అది మామూలేనన్నారు. తిరుమల ఆ తర్వాత వెళ్లాం. 28 నిమిషాల లోపు పైకి చేరకూడదన్న రూలు మా బండికి ఏనాడూ అడ్డం కాలేదు లెండి.

ఇప్పుడు కంప్రెషన్ మూడింట్లోనూ 170 చుట్టూ ఉంది. పొగ లేదు. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ట్యాపెట్ల చప్పుడు కొంచెం ఉంది, సరిచేయించాలి. వేలూరు పోయి రావడానికి ఆయిల్ డబ్బా డిక్కీలో పెట్టుకోవడం మానేశాం.

అన్ని బండ్లకూ ఇంజిన్ చేయించమని నేను చెప్పడం లేదు. ఫ్లోర్, ఛాసిస్ తుప్పు పట్టినవి, బ్లాక్ పగిలినవి, ఆర్సీ కాగితాలు సరిగ్గా లేనివి తుక్కుకు ఇవ్వడమే మేలు. నా గోడు వేరే. మంచి బండ్లు తుక్కుకు పోతున్నాయి, పాడైనవాటి మీద డబ్బు పోస్తున్నారు, ఈ రెంటికీ కారణం కొలవకుండా మాట్లాడటమే.

అందుకని మీ ద్వారా ఇద్దరిని అడుగుతున్నాను. మొదట మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని మెకానిక్ అన్నలను. ఇంజిన్ విప్పే ముందు కంప్రెషన్ అంకెలు, విప్పాక బోర్, క్రాంక్, హెడ్ కొలతలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. దానికి డబ్బు విడిగా తీసుకోండి, ఇస్తాం. తీసేసిన పాత సామాన్లు సంచిలో వేసి ఇవ్వండి. మంచి పనివాడికి దీనివల్ల నష్టం లేదు. "కొలిచాం, క్రాంక్ బాగుంది" అని చెప్పిన షెడ్డుకే నేను ఇంకో నలుగురిని పంపుతాను.

రెండోది ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, ఐటీఐల ప్రిన్సిపాళ్లను. మోటార్ మెకానిక్, ఆటోమొబైల్ కోర్సులు ఉన్న చోట బోర్ గేజ్‌లు, మైక్రోమీటర్లు ఉండి తీరాలి. వారానికి ఒక రోజు, రూ.300 ఫీజు పెట్టి, బయటివాళ్లు తెచ్చిన బ్లాకులు, క్రాంకులు పిల్లల చేత కొలిపించి, మాస్టారు సంతకంతో కాగితం ఇస్తే ఎలా ఉంటుంది? పిల్లలు ఏడాదంతా ల్యాబ్‌లో ఒకే నమూనా సిలిండర్‌ను కొలిచే బదులు అరిగిన అసలు ఇంజిన్లు చూస్తారు. ఇంజిన్ చేయించుకునేవాడికి పనితో లాభం లేని మనిషి ఇచ్చిన అంకెలు దొరుకుతాయి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పథకం పేరూ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఉత్తరం పొడుగైంది, మీకు అనువుగా కత్తిరించుకోండి. కొలతల పేరా మాత్రం ఉంచండి. లేత్ షాపు పెద్దాయన పెన్సిల్‌తో రాసిన కాగితం జిరాక్స్ దీనికి జత చేశాను. షాపు పేరు, ఫోన్ నంబరు కనిపించకుండా వేసుకోవచ్చని ఆయన ఒప్పుకున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గిరింపేట, చిత్తూరు